కరతాళ కైంకర్యము

భగవంతుడు జీవునకు ప్రసాదించిన ఈ దేహములో ప్రతి అవయవమునకును ఒక్కొక్క కైంకర్యము నిర్ణయింపబడి యున్నది. చెవులు హరికథా శ్రవణమునకు, నాలుక నామసంకీర్తనమునకు, కన్నులు దివ్యమంగళ విగ్రహ దర్శనమునకు, పాదములు క్షేత్రయాత్రకు, చేతులు అర్చనకు ఏర్పడినవి. భగవత్సేవకు వినియోగపడిన అవయవమే సార్థకమైనదని ప్రహ్లాదుని నోట బమ్మెర పోతనామాత్యుడు పలికించిన బోధయొక్క సారాంశమిదియే. అయితే అర్చనకు పుష్పము కావలెను, తులసి కావలెను, ధూపదీప నైవేద్యములు కావలెను. ఇవి యేవియు సమకూరని నిరుపేద భక్తుడు రిక్తహస్తములతో స్వామి సన్నిధికి వచ్చినచో అతడేమి సమర్పింపగలడు? పెద్దలు అతనికి సులభమైన మార్గమును చూపినారు. రెండు చేతులను చేర్చి తాళము వేయుచు నామమును పలుకుటయే ఆ మార్గము. చేతిలో మరియొక వస్తువు ఉన్నంతవరకు చప్పట్లు చరచుట సాధ్యము కాదు. రిక్తహస్తమునకే లభించు భాగ్యమిది.

ఇటీవల ఈ చప్పట్లను గూర్చి మరియొక మాట లోకమున విరివిగా వినబడుచున్నది. అరచేతిలో శరీరమందలి సకల అవయవములకు సంబంధించిన బిందువులున్నవనియు, ప్రతిదినము ప్రాతఃకాలమున కొంతసేపు చప్పట్లు కొట్టినచో అవి ప్రేరేపింపబడి రక్తపోటు, మధుమేహము, కీళ్ళనొప్పులు మొదలైన రోగములు తొలగుననియు, అందువలననే మన పూర్వులు భజనలో చప్పట్లను ఏర్పరచినారనియు కొందరు చెప్పుచున్నారు. ఈ మాటలో ఎంత సత్యమున్నదో, ఎంత అతిశయోక్తి కలదో విచారించుట భక్తులకు అవసరము. ఏలయనగా సత్యము కాని ప్రశంస భగవన్నామమునకు అలంకారము కానేరదు. అంతకుమించి, ఆ మాటను నమ్మి మందు మానివేసిన గృహస్థుని ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును.

గోదావరీ తీరమున

నిజామాబాదు జిల్లాలో మెండోర ప్రాంతము గోదావరీ తీరసీమ. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు మెండోర మండల కేంద్రమైనది. చెంతనే పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయము విస్తరించి యున్నది. ఆ ఆనకట్టకు 1963వ సంవత్సరము జూలై 26వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. దక్షిణమున భీమ్‌గల్ చెంత లింబాద్రిగుట్టపై శ్రీ లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. కార్తికమాసములో అచట జాతర జరుగును. డిచ్‌పల్లిలో శిల్పసంపదకు పేరొందిన రామాలయమున్నది. పూర్వము ఇందూరని పిలువబడిన నిజామాబాదు పట్టణమున ఖిల్లా రఘునాథాలయమున్నది. దాని చరిత్రను సమర్థ రామదాసస్వామితో ముడిపెట్టి చెప్పుకొందురు. పడమట బోధను దాటినచో మహారాష్ట్ర సరిహద్దు. అందువలన ఆ సీమలో తెలుగు రామనామముతో పాటు పండరినాథుని విఠ్ఠల నామమును భజనలలో వినబడును. ఆషాఢ ఏకాదశికి పండరియాత్ర చేయువారును ఈ ప్రాంతమున కలరు.

ఇట్టి గ్రామములలో ఏకాదశినాడు గాని, శనివారము నాడు గాని పొద్దుమాపు వేళ రామాలయమున దీపము వెలిగించి పదిమంది కూర్చుందురు. ఒకరి చేత తాళములుండును. ఒకరి యెదుట హార్మోనియ ముండును. మరియొకరు తబలా గాని మద్దెల గాని వాయింతురు. మిగిలిన వారందరికిని చేతులే వాద్యములు. ఒకరు చరణమును అందింపగా తక్కినవారు పల్లవిని పట్టుకొందురు. సంగీతము నేర్వని రైతు, పసుపు తవ్వి వచ్చిన కూలి, బడికి పోవు బాలుడు, ముదుసలి అందరును చప్పట్ల వలన ఒకే లయలోనికి వత్తురు. శ్రుతి తప్పిన కంఠమును లయ కాపాడును.

ఈ ప్రాంతపు స్త్రీలకు చప్పట్లు మరింత ఆప్తములు. మహాలయ అమావాస్య మొదలుకొని సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు గునుగు, తంగేడు, బంతి పూలతో బతుకమ్మను పేర్చి, చుట్టును వలయముగా తిరుగుచు, వంగి లేచుచు, చప్పట్లు చరచుచు పాడుదురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది. ఆ వలయములో మద్దెల లేదు, వీణ లేదు. వంగినపుడు ఒక చప్పట్టు, లేచినపుడు ఒక చప్పట్టు. పాటయొక్క నడకను నిర్ణయించునది అదియే. బాల్కొండ, ఆర్మూరు, భీమ్‌గల్ ప్రాంతములలో వేలాది స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబమును పోషించుకొనుచున్నారు. తునికాకును కత్తిరించి, తంబాకును నింపి, మడచి, దారము చుట్టుటలో వారి వ్రేళ్ళు ఉదయము నుండి సాయంకాలము వరకు ముడుచుకొనియే యుండును. అట్టి వ్రేళ్ళు దేవి యెదుట ఒక్కసారి విచ్చుకొని అరచేతితో అరచేయి కలిసినపుడు కలుగు హాయి ఎట్టిదో ఆ తల్లులకే తెలియును. దానికి శాస్త్ర ప్రమాణము వెదకవలసిన పనిలేదు.

శాస్త్రములో తాళము

చప్పట్లు పామరుల ఆటపాటలకు మాత్రమే చెందినవని తలచుట పొరపాటు. అరచేతికి సంస్కృతమున తలమని పేరు. కరతలము అందరెరిగిన శబ్దమే. తాళ శబ్దమునకు దానితో సంబంధము చెప్పువారున్నారు. ప్రతిష్ఠ యను అర్థము గల ధాతువునుండి అది పుట్టినదనియు, గీత వాద్య నృత్యములు మూడును దానియందు నిలుచుచున్నవనియు శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున వివరించెను. ఆయన 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజైన సింఘణుని ఆస్థానమున నుండెను. పరమశివుని తాండవమునుండి తకారము, పార్వతీదేవి లాస్యమునుండి లకారము కలిసి తాళమైనదని మరియొక సంప్రదాయ నిర్వచనము.

భరతముని నాట్యశాస్త్రమున తాళమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. అందు చేతి క్రియలను రెండు విధములుగా విభజించెను. ధ్వని కలవి సశబ్ద క్రియలు. ధ్వని లేనివి నిశ్శబ్ద క్రియలు. శమ్య, తాళము, ధ్రువము, సన్నిపాతము అనునవి సశబ్దములు. ఆవాపము, నిష్క్రామము, విక్షేపము, ప్రవేశకము అనునవి నిశ్శబ్దములు. సన్నిపాతమనగా రెండు చేతులును కలిసి చేయు ధ్వని. భజనలోని చప్పట్టు ఇదియే. నేటికిని ఆదితాళము వేయువాడు ఒక ఘాతము వేసి, చిటికెన వ్రేలినుండి మూడు వ్రేళ్ళు లెక్కించి, ఘాత విసర్జితములు రెండుమార్లు చేసి ఎనిమిది అక్షరములను పూర్తిచేయుచున్నాడు. మ్రోగు క్రియ యొకటి, మ్రోగని క్రియ యొకటి కలిసినగాని తాళము పూర్తి కాదు. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీని ప్రయోజనము కనబడును.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) శ్రీవేంకటేశ్వరునిపై వేలాది సంకీర్తనలను రచించి, ఇంటింట పాడుకొనుటకు వీలైన మార్గమును తెలుగువారికి ప్రసాదించెను. తిరుమల ఆలయములోని సంకీర్తన భండారమున ఆ రాగిరేకులు భద్రపరుపబడెను. కన్నడదేశమున పురందరదాసు, మహారాష్ట్రమున నామదేవుడు, పిదప త్యాగరాజస్వామి తన దివ్యనామ కీర్తనలతో ఇదే మార్గమును విస్తరింపజేసిరి. పలువురు కలిసి పాడుటకు అనువైన పాటకు పలువురు కలిసి వేయు తాళము సహజముగనే తోడైనది. ఈ మహాత్ములలో ఒక్కరును రోగ నివారణార్థమై చప్పట్లు కొట్టుడని ఉపదేశింపలేదు. భగవంతుని తలచి మైమరచినవాని చేతులు తమంత తామే కదలుననుటయే వారి అనుభవము. భాగవతము ఏకాదశ స్కంధమున నిమి మహారాజునకు కవి యను యోగీశ్వరుడు భక్తుని లక్షణమును చెప్పుచు, అట్టివాడు లోకమును లక్ష్యపెట్టక నవ్వును, ఏడ్చును, పాడును, ఆడునని వర్ణించెను.

చెట్టుక్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో కొమ్మలపైనున్న పక్షులు ఎగిరిపోవునట్లు, చప్పట్లతో హరినామము పలికినచో దేహవృక్షముపై వాలిన పాపపక్షులు ఎగిరిపోవునని శ్రీరామకృష్ణ పరమహంస బోధించెడివారు. ఆయన చెప్పినది పాపములను గూర్చి. రోగములను గూర్చి కాదు.

మర్మములు - బిందువులు

ఇక ఆరోగ్య విచారము. అరచేతి బిందువులను నొక్కు చికిత్స చీనాదేశపు వైద్య సంప్రదాయమునుండి వచ్చినది. మన ఆయుర్వేదమున దానికి పోలికగా మర్మములను చూపుట పరిపాటియైనది. సుశ్రుతాచార్యుడు శారీరస్థానమున నూటయేడు మర్మములను వర్ణించెను. ఒక్కొక్క కాలికి, చేతికి పదునొకండు చొప్పున నున్నవి. బొటనవ్రేలికిని ప్రక్క వ్రేలికిని నడుమ క్షిప్రమను మర్మము; నడిమి వ్రేలికి సూటిగా అరచేతి మధ్యమున తలహృదయమను మర్మము. కాలిని గూర్చి చెప్పి, చేతికిని అట్లే అన్వయించుకొనవలెనని ఆయన సూచించెను.

అయితే సుశ్రుతుడు వీనిని ఎందులకు చెప్పెను? బాణము తగిలినను, శస్త్రము తెగినను ఎచ్చట ప్రాణహాని కలుగునో వైద్యుడెరిగి, ఆ స్థానములను కాపాడుటకు చెప్పెను. క్షిప్రము, తలహృదయము ఈ రెండును దెబ్బతిన్నచో కాలాంతరమున ప్రాణహరములని ఆయన వర్గీకరించెను. కాపాడుమని చెప్పిన స్థానమును చూపి, అచట బలముగా కొట్టినచో రోగము పోవునని సుశ్రుతుని పేర చెప్పుట శాస్త్రమునకు అపచారము. మర్మములను మృదువుగా స్పృశించు చికిత్సలు వేరుగా నున్నవి. అవి తెలిసిన వైద్యుని చేతిలోని పని.

బిందు చికిత్సలో పరీక్షకు నిలిచినదేదియు లేదని అనరాదు. మణికట్టు లోపలి వైపున, ముడతకు సుమారు మూడు వ్రేళ్ళ పైని ఒక స్థానమును నొక్కుటవలన శస్త్రచికిత్స పిదప కలుగు వికారము, వాంతులు కొంత తగ్గునని పలు పరీక్షలలో తేలినది. కాని అది మణికట్టుపైని స్థానము. అచట చేయునది నొక్కుట, చరచుట కాదు. తగ్గునది వికారము, మధుమేహము కాదు. ఒక చిన్న సత్యమును పెద్ద అసత్యమునకు పూచీగా నిలుపుట న్యాయము కాదు. చప్పట్ల వలన చక్కెర వ్యాధి గాని, హృద్రోగము గాని నయమగునని నిరూపింపబడలేదు.

అయినను చప్పట్ల వలన దేహమునకు మేలు లేదా? ఉన్నది. చేతులు, భుజములు కదలును. అరచేతులకు రక్తప్రసరణము హెచ్చి వెచ్చదనము కలుగును. ధనుర్మాసపు చలిలో తెల్లవారుజామున తిరుప్పావైకి లేచి, వీధులలో నగర సంకీర్తనము చేయువారికి ఇది ప్రత్యక్షానుభవము. బిగ్గరగా పాడుటవలన శ్వాస దీర్ఘమగును. 2013లో స్వీడన్ దేశమునందలి గోటెన్‌బర్గ్ పరిశోధకులు, కలిసి పాడువారి హృదయ స్పందనములు ఒకేసారి హెచ్చి ఒకేసారి తగ్గుచున్నవని కనుగొనిరి. కలిసి పాడునపుడు శ్వాసలు కలియుటయే దానికి హేతువు. 1995లో ముంబాయిలో వైద్యుడైన మదన్ కటారియా ఆరంభించిన హాస్య సంఘములలో సైతము చప్పట్లను చేర్చినారు. పదిమంది నడుమ చేతులు కదిపి నవ్వినచో మనస్సు తేలికపడుట లోకానుభవమే.

పెద్దవయసు వారిని మిక్కిలి బాధించునది ఒంటరితనము. కుమారుడు దుబాయికో మస్కటుకో బ్రతుకుతెరువునకు పోయిన ఇండ్లు ఈ ప్రాంతమున అనేకము. అట్టి ఇంటి ముదుసలి సాయంకాలము భజనకు రానినాడు, మరునాడు ఎవరో ఒకరు వచ్చి గడపలో నిలిచి "ఏమి పెద్దయ్యా, నిన్న రాలేదు?" అని అడుగుదురు. ఆ పలకరింపు ఏ బిందువును నొక్కినను లభించునది కాదు. భజనవలన కలుగు ఆరోగ్యములో ఇది ముఖ్యభాగము.

మాత్రల డబ్బా ప్రక్కన పెట్టిన గృహస్థు

దృష్టాంతముగా ఒక ఇంటిని ఊహింపవచ్చును. బోధను చెరకు పొలములలో జీవితమంతయు శ్రమించిన గృహస్థు ఒకడు. నిజాము పాలనలో 1930వ దశకమున ఏర్పడిన చక్కెర కర్మాగారమునకు బండ్లకొద్దీ చెరకు తోలినవాడు. 2015లో ఆ కర్మాగారము మూతపడుట చూచినవాడు. ఇప్పుడతనికి అరువది దాటినవి. చక్కెర వ్యాధి, రక్తపోటు రెండును ఉన్నవి. ప్రతిదినము మాత్రలు మ్రింగుట అతనికి విసుగు. ఇంతలో ఒకరు వచ్చి, ఉదయమున అరచేతులకు నూనె రాసికొని చప్పట్లు కొట్టిన చాలును, మాత్రలు అక్కరలేదని చెప్పుదురు. పైగా అది భగవద్భజనయే కదా యని ముక్తాయింతురు. అతడు మాత్రల డబ్బాను ప్రక్కన పెట్టును.

మొదటి దినములలో ఉత్సాహము కలుగును. చేతులు వెచ్చబడును, నిద్ర పట్టును. రోగము పోయినదని తలచును. కాని రక్తపోటు లోపల పెరుగుచున్నను పైకి తెలియకపోవచ్చును. ఒకనాడు మూతి వంకరపోయి, కుడిచేయి చచ్చుపడి, పక్షవాతము సంభవించినచో ఆ చేతితో మరల తాళము వేయుట ఎట్లు? నామమునకు ఆలంబనమైన చేయియే పోయినది. అంతటితో ఆగదు. "ఇంత భజన చేసినవానికి దేవుడేమి చేసినాడు?" అని ఇంటివారు అందురు. అతని మనుమడు ఆ మాటను వినును. చేయని వాగ్దానమును భగవంతునికి అంటగట్టి, అది నెరవేరలేదని భగవంతుని నిందించుటకు ఆ మాట చెప్పినవాడే కారకుడగును.

శ్రీవిష్ణు సహస్రనామమును నిత్యము పారాయణ చేయు గృహములు వైష్ణవులలో కొల్లలు. అందు స్వామికి వైద్యుడని ఒక నామము, ఔషధమని ఒక నామము, భేషజమని ఒక నామము, భిషక్కని ఒక నామము ఉన్నవి. మందు ఆయనయే, మందిచ్చువాడును ఆయనయే. క్షీరసాగర మథనమున అమృత కలశముతో ఆవిర్భవించిన ధన్వంతరి విష్ణ్వంశ సంభూతుడు. ఆయనయే ఆయుర్వేద ప్రవర్తకుడని భాగవతము చెప్పుచున్నది. అట్టి స్వామిని కొలుచువాడు ఔషధమును త్యజించుట భక్తి యెట్లగును?

ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము ఇంటింట పిల్లలకు నేర్పు విష్ణు షోడశనామ స్తోత్రములో నున్నది. ఏ వేళ ఏ నామము తలపవలెనో ఆ స్తోత్రము బోధించును. భోజనవేళ జనార్దనుని, శయనవేళ పద్మనాభుని తలపుమని చెప్పుచు, అన్నిటికంటె మొదట ఔషధ సేవనవేళ విష్ణువును తలపుమని విధించినది. మందు మానివేసి విష్ణువును తలపుమని అందు లేదు. మందు పుచ్చుకొనుచు తలపుమని యున్నది. పూర్వులు నామమునకు ఔషధమునకు నడుమ వైరము పెట్టలేదు. మాత్రను అరచేత నుంచుకొని నామము తలచి మ్రింగు ముత్తైదువ శాస్త్రార్థమును ఆచరణలో చూపుచున్నది. అదే అరచేయి సాయంకాలము తాళము వేయును.

ఆర్తుడు త్రోసివేయదగినవాడా?

ఇంతమాత్రముచే, ఆరోగ్యమును కోరి భజనకు వచ్చువానిని పరిహసింపరాదు. గీతాచార్యుడు తన్ను సేవించు సుకృతులను నాలుగు తెగలుగా చెప్పుచు మొట్టమొదట ఆర్తునే పేర్కొనెను. పిదప జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తనకు ఆత్మవంటివాడని చెప్పినను, తక్కినవారును ఉదారులేయని స్వామి అనుగ్రహించెను. మోకాలి నొప్పితో వచ్చినవాడును, నిద్రపట్టక వచ్చినదియు స్వామి దృష్టిలో సుకృతులే. మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగ పీడితుడై గురువాయూరుకు వచ్చి 16వ శతాబ్దమున నారాయణీయమును రచించెను. ఆయురారోగ్య సౌఖ్యములను ప్రార్థించుచు దానిని ముగించెను. రోగము ఆయనను స్వామి చెంతకు తెచ్చినది; అచట దొరకినది రోగశమనము మాత్రమే కాదు.

కావున నొప్పికై వచ్చినవానికి చాప పరచి చోటు చూపవలెను. వాడు కోరినది ఎంత దొరకునో అంత దొరకును. కాని భజన ముగియునప్పటికి వాడు కోరని దొకటి వానికి లభించును. మొదట తన అరచేతిని గూర్చియే తలచుచు చప్పట్లు కొట్టినవాడు, కొంతసేపటికి ప్రక్కవాని లయను వినును. మరికొంతసేపటికి నామమును వినును. చేతిని మరచుటయే చేతికి విశ్రాంతి. బిందువులను లెక్కించుచు, నిమిషములను కొలుచుచు, ఎంత తగ్గినదో చూచుకొనుచు కొట్టువాడు తన రోగమునే జపించుచున్నాడు. ఫలము నాసించి బేరమాడువానికి బేరమంత మాత్రమే దక్కును. సమర్పించినవానికి ప్రసాదము దక్కును.

చేయదగిన విధము

అరచేతులు ఎర్రబడునట్లు బలముగా కొట్టుట తాళము కాదు. 2025లో అమెరికాదేశపు కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చప్పట్ల ధ్వనిని పరీక్షించి ఒక విశేషమును ప్రకటించిరి. చర్మము చర్మమును తాకుట మాత్రమే ఆ నాదమునకు హేతువు కాదు. అరచేతుల నడుమ చిక్కిన గాలి, బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని మధ్యనున్న సందునుండి వెలికి దూసుకొనివచ్చుటవలన, సీసా మూతి యొద్ద ఊదినపుడు పుట్టునట్లు, ఆ నాదము పుట్టుచున్నది. చేతులను దొన్నెలవలె వంచినచో ధ్వని గంభీరమగును. భజన పరులైన పెద్దలు ఈ విషయమును అనుభవముచే ఎరిగినవారే. దొన్నెచేతులతో మెల్లగా వేసిన తాళము నొప్పి కలిగింపక గర్భాలయము దాక వినబడును. బలమునకంటె నడుమనున్న శూన్యమే నాదమునకు ఆధారము.

వ్యాయామము సైతము శక్తిలో సగము మేరకే చేయవలెనని ఆయుర్వేదాచార్యులు నియమించిరి. ఆ హద్దు ఇచటను వర్తించును. కీళ్ళు వాచినవారు, చేతులు తిమ్మిరి పట్టి స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు, రక్తము పలుచబడుటకు మందు వాడువారు బలముగా చరచరాదు. వారు వ్రేళ్ళతో అరచేతిని మెల్లగా తాకినను తాళమే యగును. కూర్చుండి చప్పట్లు కొట్టుట నడకకు ప్రత్యామ్నాయము కాదు. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. నగర సంకీర్తనములో నడచుట, గుడి ప్రదక్షిణములు చేయుట, బతుకమ్మ వలయములో తిరుగుట ఇందుకు తోడ్పడును. వైద్యుని యొద్దకు వెళ్ళు దినమున భజన మానవలసిన పనిలేదు. భజన దినమున మందు మానవలసిన పనియు లేదు.

ఇక చేయి కదలనివాని మాట. పక్షవాతముచే మంచమునకు అంటుకొనినవారు, ప్రమాదములో చేయి కోల్పోయినవారు, ముదిమిచే వ్రేళ్ళు వంగనివారు భజన మండలికి వెలుపలివారా? భరతముని చెప్పిన నిశ్శబ్ద క్రియలను ఇచట స్మరింపవలెను. మ్రోగునది తాళములో ఒక భాగము మాత్రమే, మ్రోగనిదియు తాళమే. పదిమంది చప్పట్లు చరచుచుండగా, కనురెప్పతోనో, శ్వాసతోనో, మనస్సుతోనో లయను అనుసరించు రోగి నిశ్శబ్ద క్రియను నిర్వర్తించుచున్నాడు. అతడు లేనిదే ఆ తాళము సంపూర్ణము కాదు. చప్పట్లు ఔషధము మాత్రమే యైనచో కొట్టలేనివానికి దానివలన ప్రయోజనము శూన్యము. అది కైంకర్యము కనుకనే కొట్టలేనివానికిని అందు భాగమున్నది. అందువలన ప్రతి భజన మండలియు నెలకొక్కసారియైనను అట్టివారి ఇంటి అరుగుపై కూర్చుండి, వారి మంచమునకు వినబడునట్లు నామము పలుకుట మేలు. ఆలయమునకు రాలేనివాని యొద్దకు ఆలయమే వెళ్ళినట్లగును.

తిరుమలలో అఖండ హరినామ సంకీర్తనమున పాల్గొనుటకు తెలుగు సీమల నలుమూలలనుండి భజన మండలులు పోవుచుండును. గోదావరీ తీరమునుండి పోవు భక్తులలోను పసుపు అంటిన చేతులు, బీడీలు చుట్టి కాయలు కాచిన చేతులు, చెరకు నరికి గట్టిపడిన చేతులు ఉండును. ఏడుకొండలవాని సన్నిధిని అవి కలిసి మ్రోగునపుడు వానిలో ఏ చేయి ఆరోగ్యవంతమైనదో, ఏది రోగగ్రస్తమైనదో ధ్వనిని బట్టి ఎవరును చెప్పజాలరు. స్వామి వినునది ఆ కలిసిన ధ్వనినే.

ఉదయమున మాత్రను చేతనుంచుకొని విష్ణుస్మరణము, పగలు ధర్మబద్ధమైన పని, సాయంకాలము పదిమందితో కూడి కరతాళ సహిత నామకీర్తనము. ఈ మూడును ఒకే చేతితో జరుగుచున్న ఇంట ఆరోగ్యమును, భక్తియు పరస్పరము పోషించుకొనును. వైద్యుడును ఔషధమును తానేయైన శ్రీమన్నారాయణుడు చప్పట్లు చరచగల చేతులను, చరచజాలని చేతులను సమముగా అనుగ్రహించు గాక!